చియాంగ్ మాయ్ నుంచి పెర్త్ దాకా: భారత మహిళల ఫుట్‌బాల్ జట్టుపై మీ ప్రశ్నలు

ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) నిర్వహించే మహిళల ఆసియా కప్ ఫుట్‌బాల్ పోటీలు 2026 మార్చి 1 నుంచి 21 వరకు ఆస్ట్రేలియాలో జరగబోతున్నాయి. వాటిలో ఆడే పన్నెండు జట్లలో భారత్ ఒకటి. ఈ సంచిక మీ చేతికి అందేసరికి ఆ పోటీలకు మూడు నెలల గడువైనా మిగిలి ఉండదు. 2025 జూలైలో మన జట్టు అర్హత సాధించిన నాటి నుంచి ఈ విషయమై ఉత్తరాలు వస్తూనే ఉన్నందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా దానికే కేటాయించాము. ఒకే సందేహాన్ని పలువురు వెలిబుచ్చిన చోట ఒక్క ఉత్తరాన్నే తీసుకున్నాము.

ప్రశ్న: భారత మహిళల జట్టు ఆసియా కప్‌కు మొదటిసారి అర్హత సాధించిందని పత్రికల్లో చదివాను. 2022లో ఆసియా కప్ మన దేశంలోనే జరిగింది కదా! అంతకు చాలా ముందు మనం రన్నరప్‌గా నిలిచినట్టు కూడా నాకు గుర్తు. మరి ఈ 'మొదటిసారి'కి అర్థమేమిటి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: మీ జ్ఞాపకం సరైనదే. 'అర్హత పోటీలు ఆడి, వాటిలో గెలిచి' అనే మాటలు ఆ వార్తల శీర్షికల్లో జారిపోయాయి. వాటిని చేరిస్తేనే ఆ వాక్యం నిజమవుతుంది. 1980లో కాలికట్‌లో జరిగిన పోటీల్లోనూ, 1983లో బ్యాంకాక్‌లో జరిగిన పోటీల్లోనూ భారత జట్టు ఫైనల్ వరకు వెళ్లి రెండో స్థానంలో నిలిచింది. బ్యాంకాక్ ఫైనల్లో మనల్ని 3–0తో ఓడించింది థాయ్‌లాండ్. ఈ పేరును గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. ఆ రోజుల్లో ఈ పోటీలను ఏఎఫ్‌సీ కాక, ఆసియాలో మహిళల ఫుట్‌బాల్ కోసమే ఏర్పడిన వేరొక సంస్థ నడిపేది. మహిళల జట్లున్న దేశాలే కొద్ది కాబట్టి, వడపోత పోటీల్లో నెగ్గి రావలసిన అవసరం మన జట్టుకు కలగలేదు. తర్వాత చైనా, జపాన్, ఉత్తర కొరియా, దక్షిణ కొరియా ఈ ఆటపై శ్రద్ధ పెట్టి ముందుకు సాగిపోగా, మనం 2003 తర్వాత ఆసియా కప్‌లో కనిపించడమే మానేశాము.

2022లో ఆతిథ్య దేశం కావడంతో నేరుగా చోటు దక్కింది. ఆ కథ ఎలా ముగిసిందో తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. జనవరి 20న నవీ ముంబైలో ఇరాన్‌తో ఆడి 0–0తో డ్రా చేసుకున్నాము. ఆ తర్వాత జట్టులో కోవిడ్ ప్రబలి, 23న చైనీస్ తైపీ (తైవాన్ జట్టు)తో ఆడవలసిన సమయానికి నిబంధన ప్రకారం కనీసం ఉండవలసిన పదమూడు మంది క్రీడాకారిణులు కూడా అందుబాటులో లేకుండా పోయారు. జట్టు వైదొలగినట్టుగా పరిగణించి, ఇరాన్‌తో ఆడిన ఆట ఫలితాన్ని సైతం లెక్కలోంచి తీసివేశారు. సొంత గడ్డపై ఆడిన ఆ ఒక్క ఆటా పట్టికలో మిగలలేదు. 2025 జూలై 5న థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో చివరి ఈల మోగినప్పుడు మన అమ్మాయిలు మైదానంలోనే కూలబడి ఏడవడం చూసినవారికి ఆ కన్నీళ్లలో 2022 కూడా ఉందని వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న: మంగోలియాపై 13–0తో గెలవడం గొప్పే కావచ్చు. కానీ అంత బలహీనమైన జట్టుపై చివరి నిమిషం వరకు గోల్స్ వేస్తూ పోవడం క్రీడాస్ఫూర్తి అనిపించుకుంటుందా? నాలుగైదు గోల్స్‌తో ఆగితే సరిపోయేది కదా?
— డిగ్రీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: సరిపోయేది కాదు. అసలు ఈ అర్హత కథ మొత్తం ఆ పదమూడు గోల్స్‌పైనే నిలబడి ఉంది. కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఆసియా కప్‌కు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాతో పాటు, 2022లో మొదటి మూడు స్థానాలు పొందిన చైనా, దక్షిణ కొరియా, జపాన్ నేరుగా వచ్చాయి. మిగిలిన ఎనిమిది చోట్ల కోసం 34 జట్లను ఎనిమిది గ్రూపులుగా విడదీశారు. ప్రతి గ్రూపులో మొదటి స్థానం పొందిన జట్టుకే అర్హత దక్కుతుంది, రెండో స్థానానికి ఏమీ లేదు. మన గ్రూపులో థాయ్‌లాండ్, ఇరాక్, మంగోలియా, తైమూర్ లెస్తె ఉన్నాయి. ఆటలన్నీ థాయ్‌లాండ్ గడ్డ మీదే జరిగాయి. అప్పటి ప్రపంచ ర్యాంకుల్లో థాయ్‌లాండ్‌ది 46వ స్థానం, మనది 70. పైగా ఆ దేశం 2015, 2019 ప్రపంచ కప్‌లలో ఆడిన జట్టు.

మొదటి ఆట జూన్ 23న మంగోలియాతో. అందులో ప్యారీ ఖాఖా ఒక్కతే అయిదు గోల్స్ చేసింది. తర్వాత తైమూర్ లెస్తెపై 4–0, ఇరాక్‌పై 5–0. మొత్తం 22 గోల్స్ వేసి, ఒక్కటి కూడా ఇవ్వలేదు. అటు థాయ్‌లాండ్ మంగోలియాపై 11, తైమూర్ లెస్తెపై 4, ఇరాక్‌పై 7 గోల్స్ వేసింది. కూడి చూడండి, అదీ 22. వారూ ఒక్క గోల్ ఇవ్వలేదు. పాయింట్లు, గోల్ తేడా (వేసిన గోల్స్‌లోంచి ఇచ్చినవి తీసివేస్తే మిగిలేది), వేసిన గోల్స్ అన్నీ ఒక్క అంకె కూడా తేడా లేకుండా సమానంగా ఉన్న రెండు జట్లు చివరి రోజున ఎదురుపడ్డాయి. ఆ ఆట డ్రా అయితే అక్కడికక్కడే పెనాల్టీ షూటౌట్‌తో విజేతను తేల్చవలసి వచ్చేది.

ఇప్పుడు మీరన్నట్టు మంగోలియాపై అయిదు గోల్స్‌తో ఆగిపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. గోల్ తేడాలో వారే ముందుంటారు కాబట్టి చివరి ఆటలో థాయ్‌లాండ్‌కు డ్రా చాలు, మనకు మాత్రం గెలుపు తప్పనిసరి. సొంత ప్రేక్షకుల మధ్య డ్రా కోసం వెనక్కి తగ్గి గోడ కట్టుకొని కూర్చునే జట్టును ఛేదించడం ఎంత కష్టమో ఫుట్‌బాల్ చూసేవారికి తెలుసు. ఆ వెసులుబాటును వారికి దక్కకుండా చేసింది మంగోలియాపై వేసిన చివరి గోల్స్ కూడా. ఇక క్రీడాస్ఫూర్తి మాటకొస్తే, ఎదుటి జట్టును చూసి జాలిపడి బంతిని అటూ ఇటూ తిప్పుతూ కాలక్షేపం చేయడమే ఆ జట్టుకు ఎక్కువ అవమానమని నా అభిప్రాయం. పూర్తి శక్తితో ఆడటం గౌరవించడమే అవుతుంది. 2023లో జపాన్ మనపై ఏడు గోల్స్ వేసినప్పుడు అది మనకు అవమానమని నేను అనుకోలేదు. మనం ఎక్కడున్నామో చూపించిన కొలబద్దగానే దాన్ని తీసుకున్నాను.

ఆ చివరి ఆట గురించి కూడా రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. 29వ నిమిషంలో సంగీతా బాస్ఫోర్ దూరం నుంచి కొట్టిన బంతి వలలో పడింది. విరామం తర్వాత రెండు నిమిషాలకే, అంటే 47వ నిమిషంలో, చచ్చవాన్ రోడ్‌థాంగ్ గోల్‌తో థాయ్‌లాండ్ స్కోరు సమం చేసింది. సాధారణంగా మన జట్లు కుంగిపోయే ఘట్టం అదే. ఈసారి కుంగలేదు. 74వ నిమిషంలో కార్నర్ నుంచి వచ్చిన అవకాశాన్ని మళ్లీ సంగీతే గోల్‌గా మలచింది. పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణికి చెందిన ఈ మిడ్‌ఫీల్డర్ కేంద్ర సాయుధ దళమైన సశస్త్ర సీమా బల్‌లో ఉద్యోగిని, గాయం వల్ల చాలాకాలం ఆటకు దూరమై తిరిగి వచ్చిన మనిషి. 2–1తో గెలిచి, 24 గోల్స్ వేసి ఒక్కటే ఇచ్చి, నాలుగుకు నాలుగు ఆటలూ నెగ్గి మన జట్టు గ్రూపులో మొదటి స్థానంలో నిలిచింది. 1983లో బ్యాంకాక్‌లో ఎవరి చేతిలో ఓడామో, 42 ఏళ్ల తర్వాత వారి గడ్డపైనే వారిని ఓడించాము.

ప్రశ్న: ఈ జట్టులో మన జిల్లా అమ్మాయి ఉందని మా ఊళ్లో చాలామందికి తెలియదు. ఆమె గురించి రాయగలరా?
— గృహిణి, నిజామాబాద్

జవాబు: తప్పక. గుగులోత్ సౌమ్య మీ జిల్లా తండా నుంచి వచ్చిన అమ్మాయి. చిన్నప్పుడు పరుగు పందేల్లో చూపిన వేగం ఆమెను ఫుట్‌బాల్ వైపు నడిపించింది. అంచున, అంటే పక్క గీత వెంబడి, బంతిని తీసుకొని దూసుకుపోయే వింగర్‌గా ఆడుతుంది. గోకులం కేరళ జట్టులో ఆడిన తర్వాత 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు వెళ్లింది. తిరిగి వచ్చాక ఈస్ట్ బెంగాల్‌లో చేరి, 2024–25 ఇండియన్ ఉమెన్స్ లీగ్‌ను ఆ క్లబ్బు గెలవడంలో ముఖ్య పాత్ర వహించింది. ఆ సీజన్‌కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం ఆమెకే లభించింది. మంగోలియాపై వేసిన పదమూడింటిలో రెండు గోల్స్ ఆమెవి.

మణిపూర్, తమిళనాడు, ఒడిశా, పశ్చిమ బెంగాల్, జార్ఖండ్‌ల నుంచి జాతీయ జట్టుకు అమ్మాయిలు వస్తూనే ఉంటారు. ఆ ఊళ్లలో అక్కలు ఆడటం చూసి చెల్లెళ్లు ఆడతారు, వారిని చూసి పక్కింటి పిల్లలు ఆడతారు. సౌమ్యకు అలా ముందు నడిచిన అక్క మన దగ్గర లేదు. మీ ఊళ్లో ఆమె పేరు తెలియదన్నారు కాబట్టి ఒక సూచన. మార్చి 4న భారత్ ఆడే మొదటి ఆటను మీ ఊరి బడిలోనో గ్రామ పంచాయతీ దగ్గరో పిల్లలందరికీ కలిపి చూపించే ఏర్పాటు చేయించండి. ఆ ఆట జరిగే ఆస్ట్రేలియా నగరం పెర్త్‌లో సమయం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ రాత్రి ఆట అయినా మనకు సాయంత్రమే అవుతుంది కాబట్టి పిల్లల నిద్ర చెడదు.

ప్రశ్న: జూలైలో గెలిచాము, సంబరాలు చేసుకున్నాము. ఆ తర్వాత సన్నాహాలు ఎలా సాగుతున్నాయి? అక్టోబరులో నేపాల్ చేతిలో కూడా ఓడిపోయామని చదివి నిరుత్సాహం కలిగింది. చియాంగ్ మాయ్‌లో గెలిచింది ఈ జట్టేనా అనిపించింది.
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది మీదే. ముందు చియాంగ్ మాయ్‌కు ముందు జరిగిన సన్నాహాన్ని చూద్దాం, ఎందుకంటే తర్వాత లోపించినదేమిటో అందులోనే తెలుస్తుంది.

క్రిస్పిన్ ఛెత్రి కోచ్‌గా 2025 ఫిబ్రవరిలో షార్జాలో పింక్ లేడీస్ కప్ ఆడాము. జోర్డాన్‌పై గెలిచి, రష్యా, దక్షిణ కొరియాల చేతిలో ఓడాము. లీగ్ ముగిశాక బెంగళూరులోని పదుకొనె–ద్రవిడ్ క్రీడా కేంద్రంలో నెలన్నరకు పైగా శిక్షణ శిబిరం నడిచింది. ఆ శిబిరం మధ్యలో ఉజ్బెకిస్తాన్‌తో రెండు స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడి రెండూ 1–0 తేడాతో ఓడిపోయాము. ఆనాడు కూడా మీలాంటి అభిమానులు నిరుత్సాహపడే ఉంటారు. కానీ 2023లో ఇదే ఉజ్బెకిస్తాన్ మనల్ని 3–0తో ఓడించింది. తమకంటే బలమైన జట్టుతో ఆడి, ఆట చివరి వరకు పోటీలో నిలబడి, ఒక్క గోల్‌తో ఓడటం వల్ల లోపాలు ఎక్కడున్నాయో కోచ్‌కు తెలిసింది. వాటిని దిద్దుకోవడానికి శిబిరంలో ఇంకా రోజులు మిగిలి ఉన్నాయి. మూడు వారాల తర్వాత చియాంగ్ మాయ్‌లో ఎవరు ఎక్కడ నిలబడాలో, బంతి పోగానే ఎవరు వెనక్కి పరుగెత్తాలో ఒకరికొకరు చెప్పుకోనక్కరలేని జట్టు బరిలోకి దిగింది. వేర్వేరు క్లబ్బుల్లో, వేర్వేరు కోచ్‌ల దగ్గర ఆడే వారి మధ్య ఆ పొందిక రావడానికి అన్ని రోజులూ అవసరమయ్యాయి.

అక్టోబరులో షిల్లాంగ్‌లో ఇరాన్ చేతిలో 0–2తో, నేపాల్ చేతిలో 1–2తో ఓడిన మాట నిజమే. స్నేహపూర్వక మ్యాచ్‌లలో కోచ్‌లు కొత్తవారిని పరీక్షిస్తారు, కూర్పులు మారుస్తారు. ఆ మేరకు ఫలితాన్ని తేలికగానే తీసుకోవచ్చు. అయినా వాటిని కేవలం ప్రయోగాలని కొట్టిపారేయడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. మే, జూన్‌లలో మన బలం కలిసి గడిపిన కాలం. జూలై తర్వాత ఆ అమ్మాయిలు మళ్లీ తలో దారికి వెళ్లారు. మనీషా కల్యాణ్ వంటి ఒకరిద్దరికి విదేశీ క్లబ్బులు ఉన్నాయి. ఈస్ట్ బెంగాల్ అమ్మాయిలకు నవంబరులో చైనాలోని వుహాన్‌లో ఆసియా క్లబ్బుల పోటీలు దొరికాయి. అక్కడ ఇరాన్ క్లబ్బు బామ్ ఖాతూన్‌పై 3–1తో గెలవడం ఈ శరదృతువులో మనకు కలిగిన మంచి ఊరట. మిగిలిన వారి సంగతి ఏమిటి? వారిలో ఎక్కువమందికి ఆ నెలల్లో పోటీ ఆటలే లేవు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. గత ఇండియన్ ఉమెన్స్ లీగ్‌లో ఎనిమిది జట్లు ఆడగా, ఒక్కో జట్టుకు దక్కింది 14 ఆటలే. ఆసియా కప్‌లో మనకు ఎదురుపడబోయే జపాన్‌లో వృత్తి లీగ్‌లో పన్నెండు క్లబ్బులు తలా 22 ఆటలు ఆడతాయి. వాటికి తోడు ఇతర కప్పుల ఆటలు కూడా ఉంటాయి. అదీగాక జపాన్ జాతీయ జట్టులో చాలామంది ఇంగ్లండ్, అమెరికా, జర్మనీ క్లబ్బుల్లో ఆడుతున్నారు. అమ్మాయిల ప్రతిభలో ఈ తేడా లేదు. వారానికొక గట్టి ఆట ఆడే కాలుకు, నెలల తరబడి సాధన మాత్రమే చేసే కాలుకు ఉండే తేడా ఇది. సాధనలో ఎంత పరుగెత్తినా, గెలవాలని మీదికొచ్చే ప్రత్యర్థి ఒత్తిడిలో 80వ నిమిషంలో సరైన పాస్ ఇవ్వగలగడం ఆటల్లోనే అలవడుతుంది.

కాబట్టి ఈ మూడు నెలల్లో జరగవలసినవి నాకు స్పష్టంగా కనిపిస్తున్నాయి. బెంగళూరు శిబిరం వంటి సుదీర్ఘ శిబిరం ఒకటి కావాలి. అందులో మనకంటే పై ర్యాంకు జట్లతో, వీలైతే దేశం బయట, కనీసం నాలుగైదు ఆటలు ఏర్పాటు చేయాలి. వాటిలో ఓడినా సరే. ఫిబ్రవరిలో ఓడే ప్రతి ఆటా మార్చిలో ఉపయోగపడుతుందని సమాఖ్య నమ్మాలి, అభిమానులమైన మనమూ నమ్మాలి. మరొక సంగతి, దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. మార్చి 4, 7 తేదీల్లో పెర్త్‌లో ఆడి, 10న సిడ్నీలో ఆడాలి. ఏడు రోజుల్లో మూడు ఆటలు, మధ్యలో 3,000 కిలోమీటర్లకు పైబడిన విమాన ప్రయాణం, గడియారంలో మూడు గంటల మార్పు. నిద్ర, ఆహారం, కండరాలు కోలుకునే సమయం అన్నీ ముందుగానే లెక్కవేసుకోవలసిన ప్రణాళిక ఇది. పదకొండు మంది మంచి ఆటగత్తెలు ఉంటే చాలదు. మూడో ఆటలో మొదటి ఆటంత చురుకుగా దిగగల పద్దెనిమిది మందైనా సిద్ధంగా ఉండాలి.

ప్రశ్న: జపాన్, వియత్నాం, చైనీస్ తైపీ ఉన్న గ్రూపులో పడ్డాము. నిజం చెప్పండి, ఒక్క ఆటైనా గెలుస్తామా?
— ఆటో డ్రైవర్, విజయవాడ

జవాబు: జపాన్‌పై గెలుస్తామని చెబితే మిమ్మల్ని మోసగించినట్టవుతుంది. 2011లో ప్రపంచ విజేతగా నిలిచిన జట్టు అది. మిగిలిన రెండు ఆటలు మాత్రం వేరు. ఈ ముగ్గురు ప్రత్యర్థులతోనూ మనం 2023లో ఆడాము. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో చైనీస్ తైపీపై మొదటి గోల్ మనమే వేసి, చివరికి 1–2తో ఓడాము. ఒలింపిక్ అర్హత పోటీల్లో తాష్కెంట్‌లో వియత్నాం మనల్ని 3–1తో, జపాన్ 7–0తో ఓడించాయి. వియత్నాం 2023 ప్రపంచ కప్‌లో ఆడిన జట్టే అయినా, థాయ్‌లాండ్ కూడా అలాంటి జట్టే కదా.

నా లెక్కంతా వియత్నాంతో ఆడే మొదటి ఆట మీదే ఉంది. మూడు గ్రూపుల్లో మొదటి రెండేసి జట్లతో పాటు, మూడో స్థానంలో నిలిచిన మూడు జట్లలో మెరుగైన రెండు కూడా క్వార్టర్ ఫైనల్‌కు వెళ్తాయి. అంటే ఒక్క గెలుపు చేతిలో ఉండి, జపాన్‌తో గోల్ తేడా మరీ పాడుకాకుండా చూసుకుంటే తలుపు తెరుచుకునే అవకాశం ఉంది. అందుకే జపాన్‌తో ఆడే రోజున 0–2తో వెనుకబడినా, ఆవేశపడి అందరూ ముందుకు పరుగెత్తకుండా నిలబడటం చాలా ముఖ్యం. గోల్ తేడా విలువ ఈ జట్టుకు చియాంగ్ మాయ్‌లో అనుభవమైంది కాబట్టి వేరేవారు నేర్పనక్కరలేదు.

ప్రశ్న: ఆసియా కప్ నుంచి ప్రపంచ కప్‌కు దారి ఉందంటున్నారు. ఎలా?
— బ్యాంకు ఉద్యోగిని, విశాఖపట్నం

జవాబు: 2027లో బ్రెజిల్‌లో జరిగే మహిళల ప్రపంచ కప్‌కు ఆసియా నుంచి ఆరు జట్లు నేరుగా వెళ్తాయి, మరో రెండింటికి ఖండాంతర ప్లే ఆఫ్‌లలో అవకాశం ఉంటుంది. సెమీఫైనల్‌కు చేరిన నాలుగు జట్లకు ప్రపంచ కప్ చోటు ఖాయం. క్వార్టర్ ఫైనల్లో ఓడిన నాలుగింటి మధ్య రెండు ఆటలు జరిపి, గెలిచిన రెండింటికి మిగిలిన చోట్లు ఇస్తారు. ఆ రెండు ఆటల్లో ఓడిన జట్లు ఖండాంతర ప్లే ఆఫ్‌లకు వెళ్తాయి. కాబట్టి మన జట్టు క్వార్టర్ ఫైనల్ చేరితే చాలు, ప్రపంచ కప్ ఆశ సజీవంగా ఉన్నట్టే. భారత ఫుట్‌బాల్‌లో సీనియర్ జట్టుకు, పురుషులకైనా మహిళలకైనా, ప్రపంచ కప్ ఇంత దగ్గరగా కనిపించిన సందర్భం ఈ తరం చూడలేదు.

ప్రశ్న: పురుషుల జట్టు ఓడిపోతున్న వేళ మహిళల జట్టు గెలవడంతో, పురుషులపై పెట్టే డబ్బంతా ఇటు మళ్లించాలని మా మిత్రులు వాదిస్తున్నారు. మీరేమంటారు?
— వ్యాపారి, కరీంనగర్

జవాబు: పురుషుల జట్టు 2027 ఆసియా కప్‌కు అర్హత పొందలేకపోయింది, అక్టోబరులో సొంత గడ్డపై సింగపూర్ చేతిలో ఓడటంతో ఆ ఆశ ముగిసింది. దాని లోపాలను దానికి దిద్దుకోనివ్వండి. ఒకరి నుంచి లాక్కొని ఇంకొకరికి పెట్టడం కంటే, మహిళల లీగ్‌లో జట్లను, ఆటలను పెంచే మార్గం అడగడం మేలు. ఈ ఏడాది సీనియర్ జట్టే కాదు, ఆగస్టులో యాంగూన్‌లో మయన్మార్‌ను 1–0తో ఓడించి అండర్–20 అమ్మాయిలు, అక్టోబరులో బిష్కెక్‌లో ఉజ్బెకిస్తాన్‌ను 2–1తో ఓడించి అండర్–17 అమ్మాయిలు కూడా తమ తమ ఆసియా కప్‌లకు అర్హత సాధించారు. మూడు వయసుల జట్లు ఒకే ఏడాది గెలిచాయి. రేపు వీరందరూ ఆడేందుకు పద్నాలుగు ఆటల లీగ్ సరిపోదు.

ప్రశ్న: మేము సిడ్నీలో ఉంటున్నాము. భారత్ ఆడే ఆటలేవైనా ఇక్కడ ఉన్నాయా? కుటుంబంతో వెళ్లాలనుకుంటున్నాము.
— పారమాటా, ఆస్ట్రేలియా

జవాబు: ఉంది, అదీ మీ ఇంటి దగ్గరే. మార్చి 10న చైనీస్ తైపీతో జరిగే ఆట పారమాటాలోని వెస్టర్న్ సిడ్నీ స్టేడియంలోనే. గ్రూపులో మన చివరి ఆట కాబట్టి, ముందుకు వెళ్తామా లేదా అన్నది అక్కడే తేలే అవకాశం ఎక్కువ. తెలుగు కుటుంబాలు చాలా ఉన్న ప్రాంతం మీది. చియాంగ్ మాయ్‌లో ప్రత్యర్థి అభిమానుల మధ్య ఆడిన అమ్మాయిలకు పరాయి దేశంలో తమ పేర్లు పెట్టి పిలిచే గొంతులు వినిపిస్తే ఎంత ధైర్యంగా ఉంటుందో ఆలోచించండి. పిల్లలను తప్పక తీసుకువెళ్లండి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా బడిలో అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు లేదు. అబ్బాయిలతో కలిసి ఆడితే మా నాన్న కోప్పడుతున్నారు. నేను పెద్దయ్యాక ఇండియాకు ఆడాలంటే ఇప్పుడు ఏం చేయాలి?
— విద్యార్థిని, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: అమ్మా, నీ ఉత్తరాన్ని చివరికి దాచిపెట్టుకున్నాను. ముందు మీ నాన్నగారికి ఈ సంగతి చదివి వినిపించు. స్కాట్లాండ్‌లోని రేంజర్స్ క్లబ్బుకు ఆడిన మణిపూర్ అమ్మాయి బాలాదేవి చిన్నప్పుడు ఆడింది అబ్బాయిలతోనే. నీకంటే వేగంగా, బలంగా ఉన్నవారి మధ్య ఆడితే బంతిని తొందరగా వదలడం, దెబ్బ తగలకుండా తప్పుకోవడం వస్తాయి. నాన్నగారి భయం నీ క్షేమం గురించే కాబట్టి, వ్యాయామ ఉపాధ్యాయుడు మైదానంలో ఉన్న సమయంలోనే ఆడతానని మాట ఇవ్వు. ఒకరోజు వచ్చి చూడమని ఆయన్ను కూడా పిలువు.

మీ బడిలో ఇంకో పది మంది అమ్మాయిల పేర్లు రాసి వ్యాయామ ఉపాధ్యాయుడికి ఇవ్వు. పాఠశాలల క్రీడా సమాఖ్య పోటీల్లో అమ్మాయిల ఫుట్‌బాల్ ఉంది. జట్టు కడితే మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి దారి ఉంటుంది. పుట్టిన తేదీ ధ్రువపత్రం సరిగా ఉందో లేదో ఇప్పుడే చూసుకో. వయసుల వారీ పోటీల్లో అది లేక ఆగిపోయిన పిల్లలు ఉన్నారు. మన వైపు మైదానాలు ఎక్కువగా గట్టి మొరం నేలలు. కాబట్టి పొడుగాటి స్టడ్‌లు (అడుగున పొడుచుకొచ్చే బుడిపెలు) ఉన్న ఖరీదైన బూట్లు కొనవద్దు, పొట్టి రబ్బరు స్టడ్‌లు చాలా ఉన్నవి చాలు, మడమకు హాయిగా ఉంటాయి. మోకాలి కింద ఎముకకు రక్షణగా షిన్ గార్డులు మాత్రం తప్పనిసరి. రోజూ గోడకేసి కొట్టి ఎడమ కాలితో వంద, కుడి కాలితో వంద పాస్‌లు చెయ్యి.

మార్చి 4న వియత్నాంతో ఆట చూసేటప్పుడు అందరిలాగా బంతి వెంటే చూపు పెట్టకు. సౌమ్య ఆడుతుంటే, బంతి అవతలి వైపున ఉన్నప్పుడు ఆమె ఎక్కడ నిలబడుతోందో, ఎప్పుడు కదులుతోందో ఒక అయిదు నిమిషాల పాటు ఆమెనే చూడు. చూసినదేమిటో మాకు మళ్లీ ఉత్తరం రాయి.